నూకాలు పెంచిన ఎడారి తొండ

అనగనగా సముద్రం ఒడ్డున, ఆరేసిన బట్ట ఆరకముందే మళ్ళీ చినుకు పడే ఒక ఊళ్ళో నూకాలు అని ఒక పిల్ల ఉండేది. నీకంటే ఒక జానెడు పొడుగు, అంతే. వాళ్ళమ్మ పేరు పైడమ్మ. పైడమ్మకి మరమరాల బట్టీ ఉండేది. పొయ్యి మీద పెద్ద మంగలం పెట్టి, అందులో ఇసుక పోసి, ఇసుక బాగా కాగాక బియ్యం వేసి తిప్పేది. టపటపా పేలేవి. ఆ తర్వాత జల్లెడ పడితే పైన మరమరాలు మిగిలేవి, కింద ఇసుక రాలేది.

ఒక ఏడు ఆ ఊరి తీర్థానికి, అదే జాతరకి, సన్నాసయ్య అని ఒక ముసలాయన వచ్చాడు. ఊరూరా తిరిగి జంతువుల్ని చూపించి బతికేవాడు. ఆయన దగ్గర ఒక కోతి ఉంది, చిలకలున్నాయి, వెదురు పంజరంలో ఒక ఎడారి తొండ ఉంది. మన గోడ మీద తల ఆడించే తొండ కాదు బంగారూ. ఎక్కడో పడమటి దేశంలో, వానంటే ఏమిటో తెలియని ఇసుకలో పుట్టింది అది. మూరెడు పొడుగు, బొద్దు పొట్ట. తోక నిండా ముళ్ళు, పనసకాయ తొక్కులాగా.

జనమంతా కోతి చుట్టూ మూగారు. తొండ దగ్గర ఎవరూ లేరు. అది బొగ్గు రంగుకి తిరిగి, కళ్ళు మూసుకుని కట్టెపుల్లలా పడుంది. నూకాలు ఒక్కతే పంజరం ముందు చతికిలబడి కూర్చుంది.

"దీనికి ఏటయింది తాతా?"

"ఇక్కడి తడి దీనికి పడలేదమ్మా. రేపో మాపో పోయేలా ఉంది. కావాలంటే పట్టుకుపో" అన్నాడు సన్నాసయ్య.

అప్పుడు నూకాలు దాన్ని పావడాలో వేసుకుని ఇంటికి తెచ్చింది. తోక చూసి పనసమ్మ అని పేరు పెట్టింది. పైడమ్మ తొంగి చూసి, "పొయ్యి దగ్గరికి మాత్రం రానీకే. మరమరాలకొచ్చేవాళ్ళు జడుసుకుంటారు" అంది. వద్దని మాత్రం అనలేదు.

మొదట నూకాలు ఏం చేసిందంటే, ఇంట్లో తనకిష్టమైన చోటు పనసమ్మకిచ్చింది. కుండల కింద చల్లగా, తడిగా ఉండే మూల అది. తనకిష్టమైన పాలన్నం కూడా పెట్టింది. పనసమ్మ అన్నం ముట్టలేదు. ఇంకా నల్లబడింది.

ఆ తర్వాత, చలేస్తోందేమో అనుకుంది. అమ్మ పాత చీర మడతలు పెట్టి కప్పింది. మర్నాడు తీసి చూస్తే కప్పినది కప్పినట్టే ఉంది, లోపల పనసమ్మ రాయిలా చల్లగా ఉంది. మనకైతే ఒంట్లో వేడి ఉంటుంది, దుప్పటి దాన్ని పోనివ్వదు. పనసమ్మకి ఆ వేడి బయటినుంచి రావాలి. ఆ సంగతి నూకాలికి తెలియదు. ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది, పాపం.

మూడోసారి నూకాలు ఏమీ చెయ్యలేదు. చేసింది పనసమ్మే. సాయంత్రం పైడమ్మ మంగలంలోని ఇసుక నేలమీద కుప్ప పోసి, చల్లారనిద్దామని లోపలికెళ్ళింది. కాసేపటికి నూకాలు వచ్చి చూస్తే పీట మీద పెట్టిన తొండ లేదు. ఇల్లంతా వెతికింది. చివరికి పొయ్యి పక్కన కనబడింది. గోరువెచ్చని ఇసుక మీద పొట్ట పరిచేసి, నాలుగు కాళ్ళూ బార్లా చాపుకుని పడుకుని ఉంది. చూస్తూ ఉండగానే నలుపు కరిగి బూడిద రంగయింది. బూడిద రంగు కరిగి పచ్చి శనగపిండి రంగయింది. అప్పుడు పనసమ్మ కళ్ళు తెరిచి నూకాలు వంక చూసింది.

"అమ్మా, ఇది పొయ్యి దగ్గరికొచ్చేసింది" అంది నూకాలు భయంభయంగా.

పైడమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "వచ్చింది కదా, ఉండనీ" అంది.

అప్పటినుంచి నూకాలు తనకేది బాగుంటుందో ఆలోచించడం మానేసి, పనసమ్మని చూడడం మొదలుపెట్టింది. ఎండ కాసిన పొద్దున బండరాయి మీద కూర్చోబెట్టేది. ఎండ ముదిరితే అది బోర్లించిన కుండ కిందికి పోయేది. తోటకూర పెడితే తినేది, మునగపువ్వు పెడితే పరిగెత్తుకొచ్చి తినేది. వానలు పట్టి సూర్యుడు కనబడని రోజుల్లో మంగలం ఇసుకే దానికి ఎండ. నూకాలు ముందు తన మోచెయ్యి ఆనించి, కాలదని చూసుకుని, అప్పుడు దించేది.

ఊళ్ళో వాళ్ళందరూ చూడ్డానికొచ్చారు. పిల్లలు మునగపువ్వులు తెచ్చారు. పెద్దవాళ్ళు, "ఎంత బుద్ధిగా కూర్చుందో, మాకూ ఒకటుంటే బాగుణ్ణు" అన్నారు. ఆ మాట ఊళ్ళు దాటింది. సన్నాసయ్య చెవినీ పడింది.

మరుసటి ఏడు తీర్థానికి ఆయన పంజరాలు లేకుండా వచ్చాడు. నెత్తిన ఒక పెద్ద బుట్ట ఉంది. తొండలు తెచ్చాడట అని జనం ఎగబడ్డారు. నూకాలు కూడా పరిగెత్తింది. పనసమ్మకి తోడు దొరుకుతుందని తన ఆశ. మూత తీస్తే లోపల తొండలు ఒకదాని మీద ఒకటి, అన్నీ బొగ్గు రంగులో ఉన్నాయి.

నూకాలు ముఖం వాడిపోయింది. "దారిలో ఎన్ని పోయాయి తాతా?" అని అడిగింది.

సన్నాసయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. "బయల్దేరినప్పుడు బుట్ట నిండుగా ఉందమ్మా" అన్నాడు. ఇప్పుడది సగం కూడా లేదు.

వెనకనుంచి ఒకావిడ, "నాకు ఆ పెద్దది ఇయ్యి" అని చెయ్యి చాపింది. నూకాలు బుట్టకి అడ్డంగా నిలబడింది.

"అత్తా, మీ ఇంట్లో రోజూ ఇసుక కాగుతుందా?"

"ఇసుకెందుకే? గుడ్డ కప్పుతాను."

"నేనూ కప్పాను అత్తా. చచ్చిపోబోయింది. మా అమ్మ బట్టీ ఉంది కాబట్టి నాది బతికింది. వానల్లో మీరు దాన్ని ఎక్కడ పెడతారు?"

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, మెల్లగా అందరూ తప్పుకున్నారు. సన్నాసయ్య బుట్ట పక్కన కూలబడ్డాడు.

"బాగానే చెప్పావు తల్లీ. కోతి ముసలిదై పోయింది. చిలకలు ఎగిరిపోయాయి. ఇవీ అమ్ముడుపోకపోతే నేను తినేదేమిటి?"

నూకాలు వెనక్కి తిరిగి అమ్మ వంక చూసింది. అప్పుడు పైడమ్మ బట్టీలోంచి ఒక మరమరాల మూట ఎత్తుకొచ్చి ఆయన ముందు దించింది. "తీర్థానికొచ్చిన పిల్లలు వీటికీ ఎగబడతారు బాబూ. అమ్ముకుని తిను, అయిపోతే మళ్ళీ రా. ఆ బుట్ట మాత్రం దారిపొడుగునా ఎండకి పెడుతూ, ఎక్కడినుంచి తెచ్చావో అక్కడ దించాలి" అంది.

సన్నాసయ్య మూటని నిమిరాడు. తర్వాత తలూపి, నూకాలు వైపు తిరిగాడు. "ఎలాగూ వెళ్తున్నాను. నీదీ ఇయ్యమ్మా, దాన్నీ దాని ఇసుకలో వదిలేస్తాను" అన్నాడు.

నూకాలికి ఇవ్వాలని లేదు. అయినా వెళ్ళి పనసమ్మని తెచ్చి, మిగతావాటి పక్కన పెట్టింది. అప్పుడు చూసింది. వాటన్నిటి వేళ్ళకీ పొడుగాటి గోళ్ళున్నాయి. పనసమ్మకి లేవు. పుట్టుకే అంత అని ఇన్నాళ్ళూ అనుకుంది.

సన్నాసయ్య పనసమ్మ కాలు పట్టుకుని చూసి తల దించుకున్నాడు. "పంజరం గీరుకుని బయటికొచ్చేస్తోందని, మళ్ళీ మొలవకుండా వేళ్ళ కొనలతో సహా నేనే కోశాను. గోళ్ళు లేకపోతే బొరియ తవ్వలేదు. బొరియ లేకపోతే అక్కడి ఎండకి ఒక్కరోజు ఆగదు. నీ దగ్గరే ఉండనీ తల్లీ."

ఆ మాట వినగానే నూకాలికి ప్రాణం లేచొచ్చింది. పనసమ్మని గుండెకి హత్తుకుంది. అంతలోనే ఆ మొండి వేళ్ళు చేతికి తగిలాయి. తనకి కలిగిన సంతోషం తనకే నచ్చలేదు, ఏడుపొచ్చింది. సన్నాసయ్య నెత్తిన బుట్ట, భుజాన మూటతో పడమటి దారి పట్టాడు. ఆ బుట్ట మలుపు తిరిగేదాకా నూకాలు చూసింది.

ఆ తర్వాత నూకాలు ఒక కొబ్బరి చిప్ప తీసుకుంది. బట్టీ గోడ వారన, వాన తగలని వెచ్చని చోట తవ్వడం మొదలెట్టింది. ఏటవాలుగా, లోపలికి, ఇంకా లోపలికి, తన చెయ్యి భుజం దాకా పట్టేంత. లోపల వెచ్చటి ఇసుక పరిచింది. పొద్దు వాలుతుంటే పనసమ్మని ఆ వాకిట్లో దించింది.

పనసమ్మ అటు చూసింది, ఇటు చూసింది. మెల్లగా తల పెట్టింది. తర్వాత నడుం, తర్వాత కాళ్ళు, అన్నీ లోపలికెళ్ళాయి. ముళ్ళ తోక మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలిచిపోయింది. నూకాలు వేలితో కొంచెం తాకింది. తోక చటుక్కున విదిలించి చిన్న దెబ్బ వేసింది. ఎన్నడూ ఎవర్నీ కొట్టని పనసమ్మ.

నూకాలు వేలు నోట్లో పెట్టుకుని నవ్వింది. "కొట్టిందమ్మా నన్ను" అంది.

పైడమ్మ వంగి చూసింది. "తలుపేసుకుందే. ఇక దాని జోలికెళ్ళకు, పడుకోనీ" అంది.

కథేమో కాళ్ళీడ్చుకుంటూ కంచికి,
నువ్వేమో ముసుగేసుకుని మంచానికి,
నేనేమో దీపం తగ్గించి నీ పక్కకి.