రాచ్చిప్పలో నీళ్లు

కూర్మయ్య పంతులుగారిని ప్రశ్న అడిగితే జవాబు దొరకదు, పని దొరుకుతుంది. నాగావళి ఒడ్డున ఆయన ఆశ్రమంలో చేరినవాళ్లంతా మొదట్లోనే గ్రహించే సంగతి ఇది. సోమనాథానికి మాత్రం ఆలస్యంగా తెలిసింది.

"ఇన్నాళ్లుగా జపం చేస్తున్నాను గురువుగారూ. లోపలి భయం మాత్రం పోవడం లేదు. ఎందుకంటారు?" అని అడిగాడతను.

"బూడిదకి రోజూ నీళ్లు పెట్టు. తర్వాత మాట్లాడుకుందాం" అన్నారాయన.

బూడిద ఆశ్రమంలో పిల్లి. పులుసు కాచి కాచి నల్లబడిన పాత రాతిగిన్నె, రాచ్చిప్ప, ఒకటి దానికోసం పెరటి గడప పక్కన ఉండేది. సోమనాథానికి ఆ పిల్లంటే ప్రాణం, కానీ ముట్టుకోడు. అతని మడి అంత గట్టిది మరి. పిల్లి మూతి పెట్టిన చిప్ప ఎంగిలి, తగిలితే మళ్లీ స్నానం. అందుకని రోజూ తెల్లవారగానే చెంబుతో నూతినీళ్లు తెచ్చి, ఎత్తునుంచి ధారగా పోసేవాడు. చిప్ప ఎప్పుడూ నిండుగానే ఉండేది. తన సేవకు తనే మురిసిపోయేవాడు.

ఎండలు ముదిరాయి. ఏట్లో ఇసకే మిగిలింది. అలాంటి రోజుల్లో బూడిద తాగడం మానేసింది. చిప్ప దగ్గరికి వచ్చేది, వంగి ఆ నలుపులోకి చూసేది, వెన్నుమీది బొచ్చు నిక్కబొడుచుకుని వెనక్కి వెనక్కి నడిచేది. ఓ సాయంత్రం సోమనాథమూ తొంగిచూశాడు. గాలి లేదు. అడుగున మాత్రం ఏదో పాలిపోయి, మెత్తగా ఊగుతోంది. అతని నీడ పడగానే అది కాస్త పైకి లేచినట్టనిపించింది.

మర్నాటినుంచి మంత్రం చదివి నీళ్లలో తులసిదళాలు, చిటికెడు విభూతి వెయ్యసాగాడు. అవీ పైనుంచే. వేసినకొద్దీ అది పెరిగింది. అప్పుడప్పుడు చిప్పలోంచి బుడగ లేచి చిట్లేది. ఎవరో నిట్టూర్చినట్టుండేది. సోమనాథం అటు వెళ్లాలంటేనే జంకేవాడు.

బూడిద నడవలో పడిపోయిననాడు అతను గురువు దగ్గరికి పరుగెత్తాడు.

"అందులో ఏదో ఉందండీ. బూడిదని తీసుకుపోతోందండీ."

"ఉంది. రోజూ మేపుతున్నది నువ్వేగా" అన్నారు పంతులుగారు. "చెయ్యి పెట్టి తియ్యి."

మడి అన్న మాట సోమనాథం నోటిదాకా వచ్చింది. నడవలో పిల్లి కళ్లు మూతలు పడుతున్నాయి. పెరటి గడప దగ్గరికి వెళ్లి, కళ్లు గట్టిగా మూసుకుని చిప్పలో చెయ్యి ముంచాడు. చల్లగా, జారుగా ఏదో వేళ్లను చుట్టుకుంది. లాగితే వచ్చింది జిగట, పాచి, కుళ్లిన తులసి ఆకుల ముద్ద. తను వేసినవే. నీళ్లు ఒలకబోసి, కొబ్బరిపీచుతో అడుగంటా తోమి, వాసన పోయేదాకా కడిగి కొత్తనీళ్లు పట్టాడు. జన్మలో మొదటిసారి ఆ పిల్లిని రెండు చేతులా ఎత్తుకుని తెచ్చాడు. అది చాలాసేపు వాసన చూసింది. తర్వాత నాలుక చప్పుడు వినిపించింది. అది వింటూ సోమనాథం ఏడ్చేశాడు.

ఎంత కడుక్కున్నా వేళ్లను ఏదో పట్టుకునే ఉన్నట్టుంది. ఆ చేతిని చూసుకుంటూ అన్నాడు: "రోజూ మంచినీళ్లే పోశానండీ."

"పోశావు నాయనా" అన్నారు పంతులుగారు, అతని మెళ్లో జపమాల వైపు చూస్తూ. "ఎన్నడైనా పారబోశావా?"