ఒంటి స్వరం పంతులమ్మ

నూజివీడు దాటాక వచ్చే ఒక మామిడితోటలో కోకిలయ్య అనే పాటగాడు ఉండేవాడు. కోకిలమ్మ అనలేదని కోప్పడకండి. గొంతెత్తి కూసేది మగకోకిలే. కాలేజీలో మా జంతుశాస్త్రం మేష్టారు ఈ ఒక్క ముక్క చెప్పడానికి గంటసేపు తీసుకున్నారు, అందుకే ఇప్పటికీ గుర్తుంది. తక్కిన పాఠాలన్నీ మరిచిపోయాను.

సరే, ఆ కోకిలయ్య పాటల బడి పెట్టాడు. చిటారు కొమ్మ మీద తను, కింది కొమ్మల మీద పిల్లలు. ఆయన ఎత్తుకోవాలి, పిల్లలంతా ఆయనతో కలిసి అందుకోవాలి. విన్నవాళ్ళందరూ తలలూపేవారు.

ఆ ఏడు తోట చివర వెదురు పొదలో జెముడుకాకి ఒకతె కూడా బడి పెట్టింది. జెముడుకాకి గొంతు తెలుసుగా, కుండలో తలపెట్టి పిలిచినట్టు 'ఊప్ ఊప్' అని ఒకటే స్వరం. కోకిలయ్య రెండు రోజులు నవ్వాడు. మూడోరోజు తన బడిలో గువ్వపిల్ల కనిపించలేదు. వారం తిరిగేసరికి పిచ్చుక కవలలూ, గోరింక కూతురూ కూడా పొదకు మారిపోయారు.

కోకిలయ్యకు మామిడి చిగురు చేదెక్కింది. ఊరి కబుర్లన్నీ మోసే ఉడుతను పిలిచాడు.

"అటు తిరుగుతుంటావు కదా. పిల్లలకి ఏం మందు పెడుతోందిరా ఆవిడ?"

"ఏమీ లేదండీ. ఒక్కొక్కళ్ళనే పిలుస్తుంది. ఊప్ అని శ్రుతి ఇస్తుంది. పిల్ల పాడుతుంటే కళ్ళు మూసుకు కూచుంటుంది."

"నిద్రపోతుందన్నమాట."

"తప్పు పాడితే కళ్ళు తెరుస్తుందండీ. అంతే. ఆ పిల్లే వెనక్కి వెళ్ళి దిద్దుకుంటుంది."

"తను పాడి చూపించదూ?"

"వస్తే కదండీ చూపించడానికి. మొన్న గువ్వపిల్లకి గాంధారం పలికింది. వాళ్ళమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది."

ఆ గాంధారం మాట కోకిలయ్యను కాల్చింది. ఏడాదిపాటు తన దగ్గరున్న పిల్ల. నోరు విప్పినట్టే ఆయనకు గుర్తులేదు. ఆ రోజంతా కూయకుండా ఆలోచించాడు. పక్కన ఆ ఊప్ లేకపోతే వాళ్ళు కుదేలైపోతారు, అదీ కిటుకు అనుకున్నాడు.

తోటలో తగవులు తీర్చేది ఎద్దు కాటన్న. ఆయన నెమరు వెయ్యడం అయ్యేదాకా ఎంతటివాడైనా కాచుకోవాల్సిందే. కోకిలయ్య కాచుకుని మరీ చెప్పాడు.

"ఒక్క తోటకి రెండు బడులెందుకు కాటన్నా? పిల్లలకి పోటీ పెట్టు. ఓడినవాళ్ళు బడి మూసెయ్యాలి. గురువులిద్దరూ వాగు అవతలే ఉండాలి. ఏ సాయమూ చెయ్యకూడదు."

కాటన్న జెముడమ్మను పిలిపించాడు.

"నేను ఓడితే నా పిల్లల్ని ఆయన కొమ్మ కింద కూచోబెడతారా?" అని అడిగిందావిడ.

"అంతేగా మరి."

జెముడమ్మ వెదురు పొదకేసి చూసింది. "గువ్వపిల్ల ఇప్పుడిప్పుడే గొంతు విప్పుతోంది అన్నా," అని ఆగింది. తరవాత, "సరే, పెట్టండి" అంది.

పోటీ రోజు పొద్దున్నే గురువులిద్దరూ వాగు అవతలి రాయి మీద కూచున్నారు.

"ఒక్క ఊప్ అన్నా ఓడినట్టే చెల్లెమ్మా."

"అలాగే అన్నయ్యగారూ. మీరూ జాగ్రత్త."

ముందు కోకిలయ్య దగ్గర మిగిలిన చిలక పిల్లలు నలుగురూ నిలబడ్డారు. నలుగురూ తలెత్తి చిటారు కొమ్మకేసి చూశారు. అక్కడ ఎవరూ లేరు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎత్తుకోండమ్మా," అన్నాడు కాటన్న.

"అయ్యగారు ఎత్తుకుంటే కదండీ, మేం అందుకునేది," అంది పెద్ద చిలక.

వాగు అవతల రాయి మీద కోకిలయ్య మెడ చాచాడు. "గాలికి వినపడటం లేదు."

"గాలి లేదు అన్నయ్యగారూ."

తరవాత గువ్వపిల్ల వంతు. అది కాసేపు కళ్ళు మూసుకుంది. రోజూ విన్న ఆ ఒక్క స్వరం దాని చెవిలోనే ఉంది. దాన్ని పట్టుకుని షడ్జం అంది, రిషభం ఎక్కింది, గాంధారం దగ్గర కాస్త జారింది. ఆగింది. ఎవరూ చెప్పకుండానే వెనక్కి వచ్చి, మళ్ళీ ఎక్కి, ఈసారి నిలబెట్టింది. కాటన్న నెమరు మధ్యలో ఆపేశాడు. తీర్పు వేరే చెప్పనక్కర్లేకపోయింది.

చిటారు కొమ్మ బడి మూతపడింది. నాలుగో రోజు తెల్లవారుతూనే కోకిలయ్య వెదురు పొద దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"రండి అన్నయ్యగారూ," అంది జెముడమ్మ. "నోరు కట్టుకుని కూచోగలిగితే కూచోండి."

కూచున్నాడు. గువ్వపిల్ల పాఠం అయ్యేదాకా గొంతులో దురదని బిగబట్టుకున్నాడు. అప్పుడడిగాడు.

"నా దగ్గరున్నప్పుడు కూడా పాడేదానివా అమ్మాయ్?"

"రోజూ పాడేదాన్నండీ. మీ పాటలో మీకు వినపడేది కాదు."

నీతి: గురువు తన పాట ఆపితేగాని శిష్యుడి పాట మొదలవదు.