గాలి మిషను చెప్పిన చావు

అన్యాయం జరిగింది నూకరత్నానికి. జరిగింది మొన్న ఏరువాక పున్నమి మర్నాడు, మొగుడు గవర్రాజు ముక్కుకి గాలి మిషను తగిలించిన రాత్రి.

వాళ్లది అనకాపల్లి పక్కన బెల్లం వండుకునే ఇల్లు. తమంత తెలివైన వాళ్లు ఆ చుట్టుపక్కల లేరని ఆ ఇంట్లో నలుగురికీ గట్టి నమ్మకం. అత్త సన్యాసమ్మ అయితే, తెలివి ఎక్కడ కారిపోతుందోనని తలకి గుడ్డ చుట్టుకుని తిరిగేది. "ఎవరేం చెప్పినా పొల్లు పోకుండా చేస్తాం. మాకూ ఊళ్లో వాళ్లకీ అదే తేడా" అనేది.

గవర్రాజు గురకకి ఇంటి పెంకులు కదిలేవి. దానికి నూకరత్నం ఎప్పుడో అలవాటు పడిపోయింది. అది ఆగితేనే ఆవిడకి మెలకువ వచ్చేది. అలా ఆగడం మరీ ఎక్కువైందని పట్నం తీసుకెళ్తే, నిద్రలో ఊపిరి ఆగిపోతోందని చెప్పి డాక్టరు ఒక మిషను కొనిపించాడు. ముక్కుకి తొడుగు, తొడుగుకి గొట్టం, గొట్టం చివర గాలి ఊదే పెట్టె. "ఒక్క రాత్రి కూడా మిషను ఆపకూడదు. గాలి బయటికి పోకుండా చూసుకోండి" అన్నాడు.

అంతే. సన్యాసమ్మ కిటికీలన్నీ మూసేసి, తలుపు సందుల్లో పాత చీరలు కుక్కేసింది. ఇంట్లో గాలి ఇంట్లోనే ఉంది. మనుషులు మాత్రం ఉడికిపోయారు. పైగా ఆ మిషను బుస్సుమంటుంది, ఉండుండి ఈల వేస్తుంది. నూకరత్నానికి కన్ను మూతపడలేదు. పొయ్యి ముందు కునికితే అన్నం మాడింది, దాంతో అత్త నోరు లేచింది.

"మావా, నాకు నిద్ర కావాలి. లేదంటే మా అక్క ఇంటికి పోతాను. మళ్లీ రాను" అంది నూకరత్నం.

గవర్రాజు హడలిపోయి మిషను అమ్మినాయనకి ఫోను చేశాడు. "మంచానికి దూరంగా పెట్టండి, చప్పుడు తగ్గుతుంది" అన్నాడాయన. ఇంకేముంది. గవర్రాజూ, అతని తమ్ముడు పోలినాయుడూ కలిసి మంచాన్ని మోసుకెళ్లి బెల్లం పాకలో పడేశారు. మంచం పాకలో, మిషను ఇంట్లో, మిషను పక్కన నేల మీద మొగుడూ పెళ్లాం.

"చప్పుడు తగ్గలేదు మావా."

"నీకెందుకు తగ్గుద్ది? మంచానికి తగ్గింది. నమ్మకపోతే ఎళ్లి చూసుకో."

నూకరత్నం లేచి వెళ్లి పాకలో మంచం మీద పడుకుని చూసింది. నిజమే, అక్కడ చప్పుడు లేదు. మొగుడి మాటని శంకించినందుకు లెంపలేసుకుని, మళ్లీ వచ్చి మిషను పక్కనే పడుకుంది.

మర్నాడు గవర్రాజు డాక్టరుకే ఫోను చేశాడు. చెవుల్లో దూది పెట్టుకుంటే సరిపోతుందన్నాడు డాక్టరు. తనకి చెప్పాడు కాబట్టి గవర్రాజే పెట్టుకున్నాడు. మిషను చప్పుడూ పోయింది, పెళ్లాం ఏడుపూ పోయింది. "డాక్టరంటే డాక్టరేనే రత్నం, ఎంత హాయిగా ఉందో" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు.

ఆఖరికి నూకరత్నం తనే వెళ్లి నర్సమ్మని అడిగింది. "నువ్వు వేరే గదిలో పడుకో తల్లీ" అందావిడ.

సన్యాసమ్మ ఒప్పుకోలేదు. "మొగుడున్న చోటే పెళ్లాం ఉండాల. నువ్వు పోతే వాడూ వస్తాడు."

ఆ గురువారం రాత్రే ఇద్దరూ వేరే గదిలోకి మారారు. మిషను మాత్రం ఆపకూడదు కదా. దాన్ని పాత గదిలోనే ఉంచి, తలగడ వేసి, దుప్పటి కప్పి, ఆడించి వచ్చారు. పక్కన గవర్రాజు ఎప్పటిలాగే గురక పెట్టాడు. నూకరత్నం ఒళ్లు మరిచి నిద్రపోయింది.

ఆ సుఖం ఎన్నాళ్లు? మిషను కొన్న నెల దాటాక దాని పనితీరు చూపించమన్నారని పోలినాయుడు దాన్ని చంకన పెట్టుకుని పట్నం వెళ్లాడు. డాక్టరు చూసి, "గురువారం రాత్రి నుంచి ఇందులో ఒక్క ఊపిరి కూడా లేదేంటయ్యా? మనిషిని తీసుకురా" అన్నాడు. పోలినాయుడు మొదటి మాటకే లబోదిబోమంటూ ఇంటికి పరిగెత్తాడు.

"అన్నియ్య గురువారమే పోయాడంట. మిషను చెప్పేసింది."

చద్దన్నం తింటున్న గవర్రాజు చెయ్యి ఆగిపోయింది. "గురువారమా? మరి శుక్రవారం చేపల పులుసు తిన్నానే."

"తెలీక తిన్నావు నాయనా, తప్పు లేదు" అని కళ్లొత్తుకుంది సన్యాసమ్మ.

అంతే. అతన్ని వీధరుగు మీద పడుకోబెట్టి తల దగ్గర దీపం పెట్టారు. పోయిన మనిషిని ఒంటరిగా వదలకూడదు, పెళ్లాం మేలుకుని కూర్చోవాలి. కళ్లు మండిపోతున్నా నూకరత్నం కూర్చుంది. శవం గురక పెట్టింది. నడుమ ఆగింది. ఆవిడ అతని డొక్కలో పొడిచింది.

"మావా, ఊపిరి తీయి."

"నేను తీయకూడదు కదే."

"ఎవరూ చూడటం లేదులే, తీయి."

గవర్రాజు దొంగచాటుగా ఒకటి తీశాడు. తెల్లార్లూ అదే పని. నూకరత్నానికి మళ్లీ నిద్ర లేదు.

పొద్దున్నే సన్యాసమ్మ, గోడకి ఫొటో కావాలంది. పోలినాయుడు ఏడుపులో ఉన్నాడు, పంపడానికి వేరే మనిషి లేడు. అందుకని గవర్రాజే బయల్దేరాడు. ఫొటోలాయన కెమెరా సర్దుకుంటూ, పోయిందెవరని అడిగాడు. "నేనే. కాస్త బాగా రానీ, మళ్లీ తీయించుకోడానికి ఉండను" అని గవర్రాజు మీసం దువ్వుకున్నాడు. కింద ఏం రాయించాలో అక్షరం పొల్లు పోకుండా చెప్పాడు: కీర్తిశేషులు గవర్రాజు, మరణం ఆషాఢ బహుళ పంచమి, గురువారం.