బిగుసుకున్న హీటరు మీట

వరహాలమ్మ ఆశ్రమం వదిలి వెళ్ళిపోవాలని తేల్చేసుకుంది.

చింతపల్లి కొండల్లో పూర్ణబోధ స్వామి నడిపే ఆశ్రమం అది. ఆమె ఆయన శిష్యురాలు. ఆశ్రమానికున్న ఒకే ఒక్క పాత కారుకు డ్రైవరు కూడా ఆమే.

గొడవ అన్నం దగ్గర వచ్చింది. సంత రోజున కొండమీది గూడేలవాళ్ళు దిగివచ్చి ఆశ్రమంలో భోంచేసి వెళతారు. ఇకమీదట వాళ్ళకు వరండాలోనే వడ్డించాలని, లోపలి పంక్తిలో కూర్చోబెట్టకూడదని మేనేజరు నరసింగరావు గారు కట్టడి పెట్టారు. పోయిన సంతకు వరహాలమ్మ వాళ్ళందరినీ లోపలికి పిలిచి పంక్తిలో కూర్చోబెట్టింది. అందరి ముందూ తప్పయిందని ఒప్పుకోవాలి, లేదా కారు తాళం ఇచ్చేసి దారి చూసుకోవాలి అన్నారాయన. తప్పయిందనడం ఆమె వల్ల కాదు. చేసింది తప్పయితే కదా.

ఇవాళ మళ్ళీ సంత. భోజనాలయ్యాక, ఊళ్ళు తిరగడానికి బయల్దేరుతున్న స్వామిని కొండ దింపి, కారు తాళం ఆయనకే ఇచ్చేసి, అటునుంచి అటే వెళ్ళిపోతానని చెప్పింది. స్వామి సరేనన్నారు. చలికి మోకాళ్ళు పట్టేస్తున్నాయి, కారులో హీటరు కాస్త చూసిపెట్టమని మాత్రం అడిగారు. వరహాలమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ మనిషి వెళ్ళిపోతుంటే ఈయనకు మోకాళ్ళ గోల!

హీటరు మీట బిగుసుకుపోయి ఎన్నాళ్ళయిందో. దాన్ని రెండు చేతులా పట్టుకుని, మేనేజరు గారి మీదున్న కోపమంతా పెట్టి లాగింది. పిసరంత కూడా కదల్లేదు. స్వామి దుప్పటి కప్పుకుని పక్క సీట్లో కూర్చుని చూస్తున్నారు.

"మీరొక్క మాట అంటే సరిపోయేది స్వామీ," అంది మీట వదలకుండానే.

"నేనంటే, నేనున్నంతసేపు లోపల కూర్చోబెడతారు," అన్నారాయన. "నేను కొండ దిగాక?"

వరహాలమ్మ మీట వదిలేసింది. విసురుగా దిగి బానెట్ ఎత్తింది. మీట నుంచి ఒక సన్నని కేబులు ఇంజను దాకా వెళ్ళి, హీటరులోకి వేడినీళ్ళు వదిలే వాల్వుకు తగులుకుని ఉంది. బిగువు ఎక్కడుందో తేలాలంటే ముందు ఆ కొస ఊడదీసి చూడాలి. ఊడదీసి, వచ్చి మీట తోసింది. ఒక్క వేలికే జారిపోయింది.

"చూశారా? మీటలో ఏ లోపమూ లేదు. తుప్పంతా అవతలి కొసన ఉంది."

ఆ మాట మీట గురించి మాత్రమే కాదని ఇద్దరికీ తెలుసు.

స్వామి వేలితో మీటను అటు తోశారు. ఇటు తోశారు. చాలా ముచ్చటపడ్డారు. బాగుపడింది కదా, ఇక బానెట్ మూసెయ్యమన్నారు.

"కేబులు తగిలించకపోతే వేడి రాదు కదండీ."

"రాకపోతే ఏం? ఎంత హాయిగా కదులుతోందో చూడు."

వరహాలమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన నవ్వడం లేదు. మీటను ఇంకా అటూ ఇటూ తోస్తూనే ఉన్నారు. ఆమెకు ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. డిక్కీలోంచి కిరసనాయిలు సీసా, కటింగ్ ప్లేయరు తీసుకుని మళ్ళీ బానెట్ కింద తల పెట్టింది.

వాల్వు తేలిగ్గా లొంగలేదు. కిరసనాయిలు పోసి నాననిచ్చింది, పట్టి తిప్పింది, మళ్ళీ పోసింది. మోచెయ్యి గీరుకుపోయింది. ఆశ్రమంలో వినపడకూడని తిట్టు ఒకటి తిట్టింది. స్వామి విననట్టే ఊరుకున్నారు. చివరికి వాల్వు కిర్రుమని కొంచెం కదిలింది, ఆ పైన మరికొంచెం. పూర్తిగా తిరిగేదాకా ఆమె వదల్లేదు. కేబులు తగిలించి ఇంజను స్టార్టు చేసింది. కాసేపటికి వెచ్చటి గాలి స్వామి మోకాళ్ళకు తగిలింది. ఆయన కళ్ళు మూసుకున్నారు.

అంతలో భోజనాల గంట కొట్టారు.

వరహాలమ్మ గ్రీజు చేతులు చీరకే తుడుచుకుని వరండా దగ్గరికి నడిచింది. గూడేలవాళ్ళు విస్తళ్ళు ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. విస్తళ్ళు తీసుకుని తన వెంట రమ్మంది. నరసింగరావు గారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఇంకా వెళ్ళలేదా అని అడిగారు.

"వెళ్ళడం లేదండి," అంది వరహాలమ్మ. "కాస్త తప్పుకోండి. తెల్లారకముందు బయల్దేరి నడిచొచ్చారు, ఆకలి మీదున్నారు."