పెళ్లి గంప అడుగు

రాజమండ్రి పాత ఊరి నడుమ, మేదర వీధిలో బుట్టల కొట్టు నడిపే నూకరాజు మంచి పనివాడే కానీ, చచ్చినా తన తప్పు ఒప్పుకునేవాడు కాదు. చాట వదులైందని ఎవరైనా తెస్తే "వెదురు అలాంటిది" అనేవాడు. తట్టకు చిల్లు పడిందంటే "మీ ఇంట్లో ఎలుకలున్నాయేమో" అనేవాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుండేది అతని వరస.

ఒకసారి వీరభద్రం అనే ఆయన తన మేనకోడలి పెళ్లికి గంప అల్లమన్నాడు. పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొస్తారు కదా, దాని అడుగు గట్టిగా ఉండాలి. నూకరాజు అడుగుకి వెదురు బద్దలు పరుస్తుంటే భార్య సింహాలమ్మ వంగి చూసింది.

"ఈ ఎదురుకి పురుగట్టినట్టుంది మావా. పక్కనెట్టెయ్."

"నాకు తెలీదేంటే? నీ పని నువ్వు చూసుకో" అని కసురుకున్నాడు. గంప అల్లి, పసుపు రాసి, పెళ్లి ముందురోజు ఇచ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే కొట్టు ఊడుస్తూ సింహాలమ్మ ఆగిపోయింది. గంప ఉంచిన చోట తెల్లటి పొడి రాలి ఉంది. ఆమె దాన్ని వేలితో తీసి మొగుడికి చూపించింది. నూకరాజుకి సంగతి అర్థమైంది. పురుగు అడుగు బద్దలను తొలిచేస్తోంది. గంప అడుగు ఊడి ఆ పిల్ల కిందపడితే, నడుం విరిగితే ఏం గతి? కూరగాయల వాళ్ల కోసం అల్లిన గట్టి గంపను నెత్తిన పెట్టుకుని పెళ్లి జరుగుతున్న సత్రానికి పరుగెత్తాడు.

అప్పటికే పెళ్లికూతురు గంపలో కాలు పెట్టబోతోంది.

"ఆగమ్మా, అందులో కూర్చోకు" అన్నాడు రొప్పుతూ.

"ఏమైంది?" అన్నాడు వీరభద్రం.

అలవాటు కొద్దీ వెదురును తిట్టే మాట నాలిక చివరిదాకా వచ్చింది. నూకరాజు దాన్ని మింగేశాడు. "తప్పు నాదేనండీ. పురుగట్టిన ఎదురని మా ఆడది చెప్పినా ఇనకుండా అల్లేను."

వీరభద్రం గంప అడుగు మీద మోకాలు ఆనించి నొక్కాడు. బద్దలు పటపటా విరిగిపోయాయి. పెళ్లివారంతా నోరెళ్లబెట్టారు. తిట్లు తప్పవని నూకరాజు తల వంచుకున్నాడు. వీరభద్రం అతని చెయ్యి పట్టుకున్నాడు.

"సమయానికొచ్చి చెప్పేవు నూకరాజూ. మా పిల్లని కాపాడేవు."

ముత్తయిదువలు గబగబా కొత్త గంపకి పసుపు రాశారు. మేనమామలు పెళ్లికూతురిని అందులో కూర్చోబెట్టి ఎత్తారు. గంప చెక్కు చెదరలేదు. నూకరాజు బిగబట్టిన ఊపిరి వదిలి గోడకి చేరగిలబడ్డాడు. అంత హాయి అతనికి అంతకుముందు ఎప్పుడూ తెలియదు.

ఇంటికి వచ్చి, "నువ్వు చెప్పిందే నిజం" అన్నాడు భార్యతో. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆ మాట వినడం సింహాలమ్మకు అదే మొదలు. ఆమె నవ్వి, "ముందు అన్నం తిను మావా" అంది.

తప్పు ఎవరైనా చేస్తారు. వేళ మించకముందే దాన్ని ఒప్పుకున్నవాడే ముప్పు తప్పించగలడు.