ఇంజను తాడు, భీమన్న బలం

నా పేరు భీమన్న. ఆ పేరు పెట్టినప్పుడు మా అమ్మ నన్ను సరిగ్గా చూసి ఉండదు. మునక్కాడకి చొక్కా తొడిగినట్టుంటాను.

ఆ ఎండాకాలం మా ఊళ్లో కామందు గవర్రాజుగారి బావిలోనే నీళ్లున్నాయి. దాని మీద నీళ్లు తోడడానికి, తాడు లాగి తిప్పే చిన్న ఇంజను ఉండేది. కండలున్న ఇద్దరు ముగ్గురికే అది లొంగేది.

"స్టార్టు చేసినవాడికే నీళ్లు. చేతకానివాడికి సేద్యమెందుకు?" అనేవారాయన.

నా మిరపనారు వాడిపోతోంది. వెళ్లి తాడు లాగాను. ఇంజను తిరిగి నన్నే లాగింది. బురదలో బోర్లా పడ్డాను. అందరికంటే ముందు నాకే నవ్వొచ్చింది.

"ఎలా స్టార్టు చేసినా పర్లేదాండీ?" అన్నాను లేచి.

"పళ్లతో లాగినా సరే!" అన్నారు కామందుగారు.

బలమున్నవాడు తాడు లాగుతాడు, లేనివాడు మూత విప్పుతాడు. తాడు లాగేటప్పుడు ఒక వాల్వు కాస్త తెరుచుకుని లోపలి ఒత్తిడిని వదలాలి. వాల్వుకీ దాన్ని తోసే మీటకీ మధ్య సందు పెరిగిపోయి, అది తెరుచుకోవడం లేదు. సన్నటి రేకుముక్క కొలతగా పెట్టి, సందు తగ్గించి నట్టు బిగించాను. ఈసారి లాగితే ఇంజను ఇట్టే అందుకుంది. నా తర్వాత ముసలి మంగమ్మత్త కూడా లాగేసింది.

కామందుగారి మొహం మాడిపోయింది. "ముందెలా ఉందో అలాగే చెయ్యరా!"

"అలాగేనండి. పాత బిగువు వచ్చిందో లేదో మాత్రం తమరే ఒకసారి లాగి చెప్పాలి."

ఊరంతా ఆయన చేతుల వైపు చూసింది. ఆయన తన ఇస్త్రీ పంచె వైపు చూసుకున్నారు.

"నడుస్తోందిగా, ఉండనీ" అన్నారు.

సాయంత్రానికి అందరి మళ్లూ తడిశాయి. నా మిరపనారుకి ఆఖర్న అందాయి నీళ్లు. వరసలో నన్నెవరైనా ఒంటి చేత్తో పక్కకి నెట్టెయ్యగలరు మరి!