ఉస్తాద్ చెయ్యి

ఫక్కీరప్పను ఏదన్నా అడిగితే నోటితో జవాబు చెప్పడు. పత్తికొండలో మోటారు సైకిలున్న ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. తన బండి క్లచ్చి ఎందుకు మాటిమాటికీ కాలిపోతోందని ఒక పెద్దమనిషి అడిగితే, ఆయన చేతే బండి తోలించి, తాను వెనక కూర్చుని, రెండు మైళ్ళు పోయి వచ్చాడు. దారిలో ఒక్క మాట లేదు. తిరిగొచ్చి దిగుతూ ఆయన ఎడమచేతి మీద చిన్నగా ఒక దెబ్బ వేశాడు. అప్పుడు చూసుకున్నాడు పెద్దమనిషి, తన నాలుగు వేళ్ళూ ఇంకా క్లచ్చి లివరు మీదే ఉన్నాయని. ఇలాంటి గురువు దగ్గర విద్య నేర్వాలంటే ఓపికైనా ఉండాలి, వేరే గతైనా లేకపోవాలి. ఆయన శిష్యుడు దస్తగిరి సంగతి చూస్తే ఓపికా ఉంది, వేరే గతీ లేదు. ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉన్నాడు.

నాకిదంతా ఎలా తెలుసంటారా? ఫక్కీరప్ప మెకానిక్ షెడ్డు గోడకు ఇవతల నాది టైపు ఇన్‌స్టిట్యూట్. పన్నెండు మిషన్లూ ఇప్పటికీ ఉన్నాయి. నేర్చుకునేవాళ్ళే లేరు. ఖాళీ స్టూళ్ళ మధ్య కూర్చోలేక, పొద్దున్నే పేపరు చంకలో పెట్టుకుని షెడ్డు బెంచీ మీదికి చేరేవాణ్ణి. ఫక్కీరప్పకు భార్య పోయి నాలుగేళ్ళయింది, పిల్లల్లేరు. షెడ్డు వెనక రేకుల గదిలో ఒక్కడే వండుకునేవాడు, ఒక్కడే తినేవాడు, తిన్న గిన్నె ఒక్కటీ కడుక్కుని బోర్లించేవాడు. మేం స్నేహితులమని చెప్పలేను. మాట్లాడుకోకుండా పక్కపక్కన కూర్చోవడం మా ఇద్దరికీ చేతనయ్యేది, అంతవరకే.

ఇప్పుడు టాపెట్ల గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే కథ నడవదు. ఇంజను తలకాయలో వాల్వులను తొక్కి తెరిచే చిన్న చిన్న చేతులుంటాయి. ఆ చేతుల కొసన ఉండే స్క్రూలే టాపెట్లు. స్క్రూకూ వాల్వుకూ మధ్య కాగితమంత సందుండాలి. ఆ సందు చెదరకుండా స్క్రూ మీద ఒక నట్టు బిగిస్తారు, దాన్ని లాక్ నట్టంటారు. నట్టు వదులైతే సందు పెరిగి ఇంజను టకటకా కొట్టుకుంటుంది. మరీ వదులైతే బండి నడిరోడ్డు మీద నిలబడిపోతుంది. ఇంజను బాగా చల్లబడి ఉన్నప్పుడే ఈ పని చెయ్యాలి. అందుకని జనం ముందురోజు సాయంత్రమే బండి వదిలిపెట్టి పోయేవాళ్ళు, పొద్దున్నే ఇక్కడ పని మొదలయ్యేది.

ఆ షెడ్డుకొక ఆచారం ఉండేది. దస్తగిరి సందు సరిచేసి నట్టు బిగించాక, ఫక్కీరప్ప వచ్చి కూర్చునేవాడు. శిష్యుడు బిగించిన నట్టును వదిలించి, తన చేత్తో మళ్ళీ బిగించేవాడు. అది అయితే గానీ ఇంజనుకు మూత పడేది కాదు. "ఉస్తాద్ చెయ్యి పడిందా?" అని అడిగి, పడిందంటేనే బండి స్టార్టు చేసేవాళ్ళు జనం. ఆ మాట విన్నప్పుడల్లా ఫక్కీరప్ప మొహంలో ఏదో వెలిగేది. అన్నం తినమని అడిగేవాళ్ళు లేని మనిషికి ఆ పలకరింపే పండగ.

ఆ ఏడు ఉగాది వెళ్ళిన నాలుగు రోజులకు, నేను వెళ్ళేసరికి ఆయన గది గుమ్మంలో నిలబడి చొక్కా గుండీ పెట్టుకోవడానికి అవస్థ పడుతున్నాడు. ఎడమచేతి వేళ్ళు గుండీని పట్టుకుంటున్నాయి, జారవిడుస్తున్నాయి. నన్ను చూసి చేతులు దించేశాడు.

"ఎడం చెయ్యి మొద్దుబారిపాయ సారూ. కర్నూలు పోయి చూపించుకున్నా. తలకాయలో రగతం ఒక తావ ఆగి మళ్ళీ పారిందంట. ఎవురికీ చెప్పొద్దు."

"చెబితే ఏమవుతుందయ్యా?" అన్నాను.

"ఎవురూ రారు" అన్నాడు.

బండ్లు రావని అనలేదు, ఎవరూ రారన్నాడు. నాకు వివరించి చెప్పనక్కర్లేదు. నా పన్నెండు మిషన్ల మధ్య నేను రోజూ చూస్తున్నదే అది. చొక్కా గుండీలు నేనే పెట్టి, ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

ఆ ఎండాకాలంలో బండ్లు వెనక్కి రావడం మొదలైంది. పట్టుకెళ్ళిన వారానికో పది రోజులకో మళ్ళీ టకటక. టాపెట్లు చేయించుకున్న బండే, వదులైంది అదే నట్టు. జనం మాత్రం ఉస్తాద్‌ను అనుమానిస్తారా? తప్పంతా దస్తగిరిదే అన్నారు. ఆ పిచ్చివాడూ అదే అనుకున్నాడు. ఇంటికి ఒక పాత ఇంజను తలకాయ తీసుకుపోయి, రోజూ అన్నానికి కూర్చునే ముందు నట్టు బిగించడం, విప్పడం సాధన చేశాడు. అతని భార్య మా ఇంటి దగ్గర నీళ్ళు పట్టుకుంటూ, "మాయాయనకు ఏమైందో సారూ, నిద్దర్లో కూడా చేతులు తిప్పుతాండాడు" అంది. నేను బిందె నిండిందని చెప్పి లోపలికొచ్చేశాను.

మద్దిలేటి పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. ఊరూరూ తిరిగే ఉద్యోగం, బండి లేకపోతే కాళ్ళు లేనట్టే. అతని బండి మూడోసారి వెనక్కొచ్చిన రోజు, అతనే దాన్ని తోసుకుంటూ వచ్చాడు. చొక్కా చెమటతో వీపుకు అతుక్కుపోయి ఉంది.

"ఏమప్పా దస్తగిరీ, నట్టు బిగించేది కూడా రాదా నీకు? దూదేకొండ దావలో నిలబడిపాయ బండి. నేను నడ్సి పోయేతలికి దూడ కడుపులోనే సచ్చిపాయ, ఆవు కండ్లు తేలేసింది. ఆ ముసలామెకు ఉండేది ఆ ఒక్క ఆవే. నన్ను పట్టుకుని ఏడ్సింది చూడూ! ఉస్తాద్ చెయ్యి పడినంక కూడా నిలబడలేదంటే, నువ్వు ఎంత చెడగొట్టి పెట్టింటావో!"

దస్తగిరి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నిలబడ్డాడు, తుడిచిందే తుడిచాడు. ఫక్కీరప్ప కార్బురేటరు మీదికి వంగిపోయాడు. నేను పేపరు పేజీ తిప్పాను. ఆ పేజీలో ఏముందో నాకు తెలియదు. ఒక్క మాట అని ఉండొచ్చు. అనలేదు. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మర్నాడు పొద్దున దస్తగిరి పనిబట్టల్లో రాలేదు. ఉతికిన చొక్కా వేసుకుని, భుజాన సంచీతో వచ్చాడు. ఫక్కీరప్ప ముందు నిలబడి సంచీ దించాడు.

"బళ్ళారి పోతాండా ఉస్తాద్. అక్కడ జీన్స్ బట్టలు కుట్టే తావ పని ఉండాదంట. ఈ పని నాకు రాదు. పోయేముందర ఒకటి అడుగుతా, చెప్పు. ఎనిమిదేండ్లు నీ పక్కన కూచుని నేర్చుకున్నా. నేను బిగించింది ఎందుకు నిలబడదు? నా చేతిలో తప్పేముండాది?"

ఫక్కీరప్ప శిష్యుడి వంక చూశాడు. పోనిస్తే చాలు, ఆయన గుట్టు బళ్ళారి బస్సులో వెళ్ళిపోతుంది. కానీ దస్తగిరి తన చేతికే విద్య లేదనుకుంటూ బతుకంతా జీన్స్ ప్యాంట్లు కుట్టుకుంటాడు. చెబితే, ఊళ్ళో ఇక ఆయన చెయ్యి కావాలని అడిగేవాళ్ళుండరు. ఆ రేకుల గదీ, ఆ ఒక్క గిన్నే మిగులుతాయి. నా వైపు కూడా ఒకసారి చూశాడు. నేను కళ్ళు దించుకున్నాను, ఇందులో నాకు సలహా చెప్పే యోగ్యత ఎక్కడిది?

"మద్దిలేటిని పిల్సుకురా" అన్నాడు ఫక్కీరప్ప.

మద్దిలేటి వచ్చాడు. అతని బండి షెడ్డు బయట చల్లగా నిలబడే ఉంది. టీ కొట్టు దగ్గరున్న నలుగురూ కూడా గ్లాసులు పట్టుకుని వచ్చారు. ఫక్కీరప్ప బండి వైపు చెయ్యి చూపించాడు. దస్తగిరి ఉతికిన చొక్కాతోనే కూర్చుని మూత విప్పాడు. గేజి రేకు పెట్టి సందు చూశాడు. ఎడమచేత్తో స్క్రూడ్రైవరు పట్టుకుని, కుడిచేత్తో స్పానరు తిప్పి నట్టు బిగించాడు. మళ్ళీ రేకు పెట్టి చూశాడు. రేకు పట్టీపట్టనట్టు వచ్చింది, అలాగే రావాలి.

"రెండు వేళ్ళతో తిప్పు స్పానరు" అన్నాడు ఫక్కీరప్ప మద్దిలేటితో. మద్దిలేటి వంగి రెండు వేళ్ళతో స్పానరు నొక్కాడు. నట్టు కదల్లేదు.

"ఇప్పుడు నేను" అని ఫక్కీరప్ప కూర్చున్నాడు. "దస్తగిరీ, నట్టును చూడొద్దు. స్క్రూ తలకాయ మింద గాడి ఉండాదే, దాన్ని చూడు."

నట్టు వదిలించాడు. ఎడమచేతిలో స్క్రూడ్రైవరు పట్టి గాడిలో పెట్టాడు, కుడిచేత్తో స్పానరు తిప్పాడు. నట్టుతో పాటు గాడి కూడా మెల్లగా తిరిగింది. స్క్రూను కదలకుండా ఆపాల్సిన చేతిలో బలం లేదు. స్క్రూను వెనక్కి తిప్పి, ఈసారి అది కదలకుండా ఉండేంత తేలిగ్గా మాత్రమే నట్టు బిగించాడు. రేకు పెడితే సందు సరిగ్గానే ఉంది. మద్దిలేటి ఎవరూ చెప్పకుండానే రెండు వేళ్ళు పెట్టాడు. నట్టు మెత్తగా తిరిగిపోయింది.

ఎండాకాలమంతా ఆయన బిగించింది ఇలాగేనన్నమాట. ఫక్కీరప్ప ఇంకోసారి మొదలుపెట్టాడు, ఈసారి గట్టిగా. కుడిచెయ్యి స్పానరును బలంగా లాగుతోంది. అప్పుడు కింద ఠంగుమని చప్పుడైంది. స్క్రూడ్రైవరు ఆయన ఎడమచేతిలోంచి జారి బండ మీద పడింది. ఆ సంగతి ఆయనకు తెలియలేదు. వేళ్ళు ముడుచుకుని, ఉత్తగాలిని పట్టుకుని, ఆ చెయ్యి ఇంజను మీద అలాగే నిలబడి ఉంది. మేమందరం దాన్నే చూస్తున్నామని గ్రహించాక గానీ తన చేతి వంక చూసుకోలేదు. చూసుకుని, ఒడిలో పెట్టుకున్నాడు. నేను ఏడ్చాను, దాచుకోవడమెందుకు?

"ఎప్పట్నుంచి ఉస్తాద్?" అన్నాడు మద్దిలేటి.

ఫక్కీరప్ప దస్తగిరి వైపు తిరిగి, "నీ చేతిలో తప్పు లేదు" అన్నాడు.

దస్తగిరి లేచి నిలబడ్డాడు. "ఎండాకాలమంతా తిట్లు తిన్నా ఉస్తాద్."

"తిన్నావు."

"ఊరంతా ఉమ్మేసినారు నా మొగాన. నువ్వు పక్కనే ఉంటివి."

"ఉంటి" అన్నాడు ఫక్కీరప్ప. తల దించలేదు, క్షమించమని కూడా అనలేదు. ఆయనకు మాటలు ఎప్పుడూ ఇంతే.

దస్తగిరి వెళ్ళి సంచీ భుజాన వేసుకున్నాడు. నాలుగడుగులు వేసి రోడ్డంచున నిలబడ్డాడు. ఒక బస్సు వచ్చింది, బళ్ళారిదో ఇంకెక్కడిదో నేను బోర్డు చదవలేదు. అది పోయింది, దుమ్మంతా లేచి మా మీద పడింది. మద్దిలేటి తన బండి హ్యాండిలు పట్టుకుని ఏం చేయాలో తోచక అటూ ఇటూ చూశాడు. టీ కొట్టు వాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. ఫక్కీరప్ప స్పానరు కుడిచేతిలో పట్టుకుని, తెరిచిన ఇంజను ముందు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన బెంచీ మీదే నేనున్నాను, నేనుండీ ఏం లాభం?

దుమ్ము తగ్గాక దస్తగిరి వెనక్కి తిరిగి వచ్చాడు. సంచీని విసురుగా ఒక మూలకు వేశాడు, కోపం ఇంకా పోలేదని తెలుస్తూనే ఉంది. బండ మీది స్క్రూడ్రైవరు తీసి, ఉతికిన చొక్కా అంచుకే తుడిచి, గురువుకు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "పక్కకు జరుగు ఉస్తాద్, నేను చేస్తా" అంటూ స్క్రూడ్రైవరు గాడిలో పెట్టి తిప్పబోయాడు.

ఫక్కీరప్ప జరగలేదు. స్పానరును నట్టుకు తగిలించి, శిష్యుడి చేతి వైపు చూస్తూ అన్నాడు:

"తిప్పొద్దురా. ఊరికే పట్టుకో, సాలు."